తీగ వచ్చినదని డేటా కార్డును తీసివేయవలెనా?

కృష్ణా డెల్టాలోని ఒక ప్రాథమిక సహకార పరపతి సంఘమువారు గడచిన నెల పాలకవర్గ సమావేశమున ఒక చిన్న తీర్మానమును చర్చకు పెట్టిరి. కార్యాలయమునకు ఇప్పుడు ఇంటర్నెట్టు తీగ వచ్చినది గనుక, ఇంతకాలము ల్యాప్‌టాపునకు తగిలించి వాడుచుండిన డేటా కార్డునకు నెలనెలా చేయు రీఛార్జి దండుగ యనియు, దానిని నిలిపివేయవలెననియు ఆ తీర్మానము సారాంశము. మొత్తము స్వల్పమే. సభ్యులందరును తలయూపుచుండగా ఒక వృద్ధ సభ్యుడు లేచి, "తీగ తెగిన నాడు మా గతి యేమి?" అని యడిగెను. జవాబు చెప్పువారు లేక చర్చ వాయిదా పడినది. ఆ సంఘము పేరు చెప్పుట మాకిష్టము లేదు. ఏలయన, ఇట్టి యాలోచన ఇతర సంఘములలోను పుట్టుచున్నట్లు మేము పోయిన చోటనెల్ల వినుచున్నాము. ఆ వృద్ధుని ప్రశ్న సరియైనదని మా యభిప్రాయము. అది యెట్లు సరియైనదో కొంచెము విస్తరించి చెప్పెదము.

డేటా కార్డు అనగా నేమో యెరుగనివారు మన చదువరులలో ఇప్పుడు తక్కువ. ఐనను పెద్దల కొరకు ఒక మాట. అది బొటనవ్రేలంత పరికరము. దాని కొస ల్యాప్‌టాపు ప్రక్కనుండు యుఎస్‌బి రంధ్రములో దూరును. కడుపులో సెల్‌ఫోనునందు వేయునట్టి సిమ్ ఒకటి యుండును. తీగ యేమియు లేకయే అది దగ్గరి టవరుతో సంబంధము కలుపుకొని కంప్యూటరును ఇంటర్నెట్టునకు చేర్చును. మన పల్లెలలో దానిని డాంగిల్ అనియు, నెట్ కార్డు అనియు పిలుచుట కలదు.

పూర్వము తీగలేని వార్త యనగా మనవారికి రేడియోయే. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసిన పిమ్మట, ఊరికొక పెట్టె యుండుటయే గొప్పగా నున్న దినములలో, రైతులు అరుగుల మీద చేరి ధరవరలును, వాతావరణమును వినుచుండిరి. ఆ పెట్టె చెప్పుచుండెను, మనము వినుచుంటిమి. అది మూగవోయినచో ఆ పూట వార్త తెలియకపోయెడిది, అంతే. ఈ కార్డు గుండ పోవునది మన మాట. సభ్యుని అప్పు లెక్క, వేలిముద్ర, ధాన్యపు బస్తాల సంఖ్య, బ్యాంకు ఖాతా వివరము దీని గుండనే పోవుచున్నవి. ఇది నిలిచిపోయినచో సంఘము వాకిట నిలిచిన రైతు పని నిలిచిపోవును.

మేము మొట్టమొదటి కార్డును 2010వ సంవత్సరమున కొంటిమి. ఆ కథ చెప్పినచో కార్డుల విషయమున మాకు గుడ్డి నమ్మకము లేదని చదువరులు గ్రహింతురు. బెజవాడ బీసెంటు రోడ్డులో ఒక దుకాణమున ఇంచుమించు 3,000 రూపాయలు పోసి కొంటిమి. దుకాణదారు మా యెదుటనే దానిని తన ల్యాప్‌టాపునకు తగిలించి చూపెను. పుటలన్నియు మడత విప్పినట్లు విప్పుకొనెను. సెకనుకు 3.1 మెగాబిట్ల వరకు వేగమని అట్టపెట్టె మీద అచ్చువేసియుండెను. దానిని సంచిలో వేసికొని బస్సెక్కి, ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరువనున్న మా బంధువుల యూరు చేరితిమి. అచట తగిలింపగా దీపము వెలిగినది, సంబంధమును కుదిరినది, కాని ఒక పుట తెరచుకొనులోపల కాఫీ త్రాగి గ్లాసు కడిగి పెట్టవచ్చును. మరునాడు మరల దుకాణమునకు పోయి యడుగగా, "మీ ఊరిలో టవరు లేకపోవుట మా తప్పా?" అని ఆయన మమ్మే ప్రశ్నించెను. సొమ్ము తిరిగి రాలేదు.

అందలి రహస్యము తరువాత తెలిసినది. ఆనాడు ఈవీడీఓ అను వేగము గల పద్ధతి పట్టణములలోని టవర్లకు మాత్రమే పెట్టబడియుండెను. పట్టణము దాటగనే కార్డు తనంతట తానే పాత 1ఎక్స్ పద్ధతిలోనికి దిగిపోవును. దాని వేగము ఎంత హెచ్చుగా చూచినను సెకనుకు 153 కిలోబిట్లు, అనగా అట్టపెట్టె మీది యంకెలో ఇరువదవ వంతు. పెట్టె మీద వ్రాసినది అబద్ధము కాదు. 'వరకు' అను చిన్న మాటను మేము చదువలేదు. ఆ మాట ఇప్పటికిని ప్రతి కంపెనీ ప్రకటనయందును కలదు.

కాలువ క్రింద సేద్యము చేయువారికి ఈ సంగతి వివరింపనక్కర లేదు. ప్రకాశం బ్యారేజి కడ కాలువలు నిండుగా పారుచుండగనే కోడూరు, నాగాయలంక ప్రాంతముల శివారు చేలు నెరలు విచ్చుట మన మెరుగనిది గాదు. బ్యారేజి కడ నీటిని చూచి శివారున నారు పోయువాడు లేడు గదా. టవరు సంగతియు నంతే. ఒక టవరునకు గల సామర్థ్యమును దాని క్రింది ఫోనులన్నియు పంచుకొనవలసియుండును. రాత్రి యేడు గంటల తరువాత ఊరంతయు సినిమాలును, క్రికెట్టును చూచుచుండగా, టవరునకు దూరముననున్న కార్యాలయమునకు మిగులునది శివారు నీరే. కావున కార్డును బెజవాడ దుకాణమున పరీక్షించుట వ్యర్థము. సంఘ కార్యాలయముననే, కార్యదర్శి కూర్చుండు బల్ల కడనే, ప్రొద్దుట ఒకసారియు సాయంకాలము ఒకసారియు పరీక్షింపవలెను. ఊరిలో ఏ కంపెనీ సిగ్నలు బాగుగా నున్నదో తెలిసికొనుటకు ఖర్చేమియు లేదు. నలుగురు సభ్యుల ఫోనులను ఆ బల్ల మీద పెట్టి చూచిన చాలును.

తగిలించుటలో గూడ కొన్ని మెలకువలు గలవు. కార్డును రంధ్రములో పెట్టగనే కంప్యూటరు మొదట దానిని ఒక డిస్కు వలె గుర్తించును. దానికి కావలసిన సాఫ్టువేరు అందులోనే యుండును. అది యెక్కిన పిమ్మటనే అసలు పని ఆరంభమగును. పాత సీడీఎంఏ కార్డులు #777 అను సంఖ్యకును, జీఎస్ఎం కార్డులు *99# అను సంఖ్యకును డయలు చేసి సంబంధము తెచ్చుకొనుచుండెడివి. ఏపీఎన్ అను పేరు ఒకటి కంపెనీకొక విధముగా నుండును. ఆ పేరులో ఒక్క యక్షరము తప్పినను సిగ్నలు గీతలు నిండుగా కనబడుచునే యుండును గాని ఇంటర్నెట్టు మాత్రము రాదు. దీనిని తెలియక, కార్డు చెడినదని పారవేసినవారిని మే మెరుగుదుము. సిమ్ మార్చినప్పుడెల్ల ఈ పేరును సరిచూచుకొనవలెను.

రేకుల కప్పు గల గోదాములోను, మందపు కాంక్రీటు గదిలోను సిగ్నలు సన్నగిల్లును. అట్టిచోట యుఎస్‌బి పొడిగింపు తీగ రెండు మూడు మీటర్లది కొని కార్డును కిటికీ కమ్మీ కడ ఎత్తుగా వ్రేలాడదీసినచో, వంద రూపాయల ఖర్చుతో గొప్ప మార్పు కనబడును. తీగ ఐదు మీటర్లకు మించరాదు. మించినచో కంప్యూటరు కార్డును గుర్తింపకపోవచ్చును. మరియొక సంగతి. విండోస్ గల ల్యాప్‌టాపులు మన నడుగకయే వెనుకటి నుండి తమ సాఫ్టువేరును క్రొత్తది చేసికొనుచుండును. ఒక సంఘమున నెల మొదటి వారముననే డేటా అంతయు అయిపోవుచుండగా, కుర్రవాడు సినిమాలు చూచుచున్నాడని గుమాస్తాను నిందించిరి. పాపము, అతడు నిరపరాధి. సెట్టింగులలో ఈ కనెక్షను మీటర్డ్ అని గుర్తుపెట్టగనే ఆ దుబారా చాలవరకు తగ్గినది. గుమాస్తాకు క్షమాపణ చెప్పిరో లేదో మాకు తెలియదు.

ఇక కార్డు వలదనువారి వాదమును చూతము. కార్డుల కాలము గడచినదని వారందురు. అందు కొంత నిజము గలదు. ఆ కార్డులమ్మిన కంపెనీలలో కొన్ని యిప్పుడు లేవు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర సెల్‌ఫోను సేవను మూసివేసెను. టాటావారి సెల్‌ఫోను వ్యాపారము 2019లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయెను. ఒకే కంపెనీ సిమ్మునకు తాళము వేసిన కార్డులను కొన్నవారికి ఆ కార్డులు పెట్టె నడుగున మిగిలినవి. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో 4జీ సేవ ఆరంభమైన పిమ్మట ప్రతి జేబులోని ఫోనును ఒక డేటా కార్డైనది. టెలికాం నియంత్రణ సంస్థ లెక్క ప్రకారము 2014లో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయలు పడుచుండగా 2018 నాటికి 12 రూపాయల లోపునకు దిగెను. ఫోనులో హాట్‌స్పాటు తెరచినచో ల్యాప్‌టాపునకు ఇంటర్నెట్టు వచ్చును గదా, ప్రత్యేకముగా కార్డెందుకని వారి ప్రశ్న.

మా జవాబిది. ఆ ఫోను ఎవరిది? కార్యదర్శిది. అది ఆయన జేబులో నుండును, ఆయనతో బజారునకు పోవును, ఆయన సెలవు పెట్టిన నాడు పొరుగూరిలో నుండును. ఆయనకు ఫోను వచ్చి మాటలాడుచు వీధిలోనికి నడచినచో సంఘపు లెక్క నడుమ నిలిచిపోవును. రీఛార్జి ఆయన సొంత సొమ్ముతో చేసికొన్నది గనుక, దానిని వాడుమని నిర్బంధించుటకు పాలకవర్గమునకు హక్కును లేదు. కార్యదర్శి బదిలీయైన నాడు సంఘమునకు తీగ తప్ప మరియొక దారి యుండదు. ఒక సంఘమున కార్యదర్శి కొమార్తె పరీక్షల దినములలో ఆ ఫోను ఇంటియొద్దనే యుండిపోగా, మూడు దినములు తీగ లేని సమయమున సభ్యులు తిరిగి తిరిగి పోయిరి. కార్యదర్శిని తప్పు పట్టుటకు మాకు మనసొప్పలేదు. ఫోను ఆయనదే, బిడ్డయు ఆయనదే. సంఘమునకు సొంత త్రాసున్నది, సొంత బీరువా యున్నది. సొంత కార్డు లేకుండుట యేమి పొదుపు? సరకుల రిజిస్టరులో ఎక్కించి, బీరువాలో నుంచి, కార్యదర్శి లేనప్పుడు గుమాస్తా తీసికొని వాడునట్లుండవలెను. అది పాతరకపు బొటనవ్రేలి కార్డే కానక్కరలేదు. ఏ కంపెనీ సిమ్మునైనను స్వీకరించు 4జీ డాంగిలైనను, జేబులో పట్టు చిన్న వైఫై పెట్టెయైనను సరిపోవును. తాళము లేనిదిగా చూచి కొనుట ముఖ్యము.

ఇంతగా చెప్పుటకు కారణము గలదు. 2022 జూనులో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. చిట్టాలును, ఆవర్జాలును ఒకే పద్ధతి సాఫ్టువేరులోనికి పోవుటయే దాని యుద్దేశము. ఇది మంచిదే. బంధుప్రీతితో వ్రాసిన లెక్కలును, దిద్దిన యంకెలును దీనివలన తగ్గుననియే మా యాశ. కాని వెనుకటి పుస్తకము కార్యాలయమున కరెంటు లేకున్నను తెరచుకొనుచుండెను. ఈ పుస్తకము ఇంటర్నెట్టు లేనిదే తెరచుకొనదు. 2018 మొదలు ఎరువుల కట్టకు గూడ యంత్రము మీద వేలిముద్ర వేయవలసి వచ్చినది. ధాన్యము కొనుగోలు పని మన సంఘములలో పెక్కింటి మీద పడినది. ఈ-పంటలో పేరు లేనిచో, వేలిముద్ర పడనిచో గింజ కదలదు.

ఇందు నలిగిపోవువాడు కౌలురైతు. సొంత పొలము గల ఆసామి నేడు కాకున్న రేపు వచ్చును, లేదా కుమారుని పంపును. కౌలురైతు ఆ పూట కూలి మానుకొని వచ్చును. కళ్లములో రాశి పోసి, పరదా అద్దెకు తెచ్చి, మబ్బు వైపు చూచుచు వచ్చును. "నెట్టు లేదు, రేపు రమ్ము" అను మాట అతనికి ఒకనాటి కూలిని పోగొట్టును. వాన పడినచో అంతకంటె హెచ్చుగనే పోగొట్టును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటినప్పుడు డెల్టాలో వరి కోతకాలము. తడిసిన ధాన్యపు రాశుల ప్రక్కన నిలిచినవారిలో ఒకనాడు ముందుగా పని జరిగియున్నచో గట్టెక్కియుండెడివారు ఎందరో మనము లెక్కింపజాలము. ఆ యాలస్యములన్నియు ఇంటర్నెట్టు వలననే యని మేము చెప్పుట లేదు. సంచులు లేక, లారీలు లేక, తేమ శాతము మీద తగవు వలన ఆగినవి పెక్కు. ఐనను మన చేతిలోనున్న కారణమునైనను తొలగించుకొనవలదా?

తీగకు మేము విరోధులము గాము. రాష్ట్ర ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు జాతికి అంకితము చేసిన పిమ్మట పల్లెలకు తీగ చేరుటకు దారి యేర్పడెను. తీగలో వచ్చు వేగము నిలకడ గలది. పెద్ద లెక్కలకు అదియే తగినది. ఐతే ఆ తీగ చాలవరకు కరెంటు స్తంభముల మీదుగానే వచ్చుచున్నది. మన సీమలో స్తంభములు గాలికి నిలుచుట యెంతవరకో 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన దివిసీమవారి నడుగవలెను. అంత విపత్తు రానక్కర లేదు. రోడ్డు వెడల్పు చేయు యంత్రమొకటి, కొబ్బరిమట్ట యొకటి చాలును. కరెంటు పోయినచో తీగ కొసనుండు పెట్టెయు ఆరిపోవును. ఇన్వర్టరు లేని కార్యాలయమున తీగ చెక్కుచెదరకున్నను పని జరుగదు. ల్యాప్‌టాపునకు సొంత బ్యాటరీ గలదు. కార్డు ఆ ల్యాప్‌టాపు నుండియే శక్తిని తీసికొనును. అట్టి వేళ రెండు మూడు గంటల పని జరుగును. ముప్పది నలుబది మంది వేలిముద్రలకు ఆ వ్యవధి చాలును.

కార్డు సర్వరోగ నివారిణి కాదని గూడ ఒప్పుకొందము. టవరునకును కరెంటే ఆధారము. దాని బ్యాటరీలును డీజిలును అయిపోయినచో అదియు మూగవోవును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు తీగలును టవర్లును ఒక్కసారిగనే పోయినవి. అట్టి దినములకు కాగితమే శరణ్యము. వచ్చినవారి పేర్లు, బస్తాలు, వచ్చిన వేళ వరుసగా వ్రాసి సంతకములు తీసికొని, ఇంటర్నెట్టు వచ్చిన వెంటనే ఆ వరుసలోనే ఎక్కించు పుస్తకమొకటి ప్రతి సంఘమునను ఉండవలెను. లేనిచో తెల్లవారి ముందుగా బలము గలవాని పేరెక్కును.

ఖర్చు మాటకు వత్తము. నెలకు కార్డు రీఛార్జి కొన్ని వందల రూపాయలు. ఏడాదికి లెక్కించినను, మహాజన సభ నాడు శామియానాకును, కాఫీ ఫలహారములకును అగు ఖర్చును మించదని మేము ధైర్యముగా చెప్పగలము. నెలనెలా కట్టుట దండుగ యనిపించినచో, ఏడాదికి సరిపడు చిన్న పథకమును చూచుకొనవచ్చును. తీగ బాగుగా నున్న దినములలో కార్డునకు పని తక్కువ గనుక హెచ్చు డేటా అక్కరలేదు. సిమ్ మాత్రము తీగ ఇచ్చినవారిదియు, కార్యదర్శి ఫోను కంపెనీదియు కాక మూడవవారిదైనచో మంచిది. ఒకరి లోపము మరియొకరిని అంటదు. సిమ్ సంఘము పేరనే తీసికొనవలెను. అధ్యక్షుని మేనల్లుని పేర సిమ్ తీసికొని, అతడు హైదరాబాదు పోయిన తరువాత దానికి వచ్చు ఓటీపీ సంఖ్యల కొరకు ఫోనులు చేసిన సంఘమును మే మెరుగుదుము.

ఆ సంఘమువారి వాయిదా పడిన చర్చ వచ్చు నెల సమావేశమునకు రానున్నది. అంతవరకు రీఛార్జిని నిలుపక, ఒక శనివారము సాయంకాలము తీగను తామే విప్పివేసి, కరెంటు మీటను గూడ కట్టివేసి, ఒక్క కార్డుతో ఎంతమంది సభ్యుల పని, ఎంతసేపటిలో జరిగెనో చూచి ఆ సంఖ్యను మినిట్స్ పుస్తకములో వ్రాయుమని వారిని కోరుచున్నాము. ఆ వృద్ధ సభ్యునికి సంఘము ఇయ్యవలసిన జవాబు ఆ సంఖ్యయే. ఆ పరీక్షనాడు మమ్మును పిలిచినచో మా ల్యాప్‌టాపును తీసికొని వత్తుము.